దేనిని జూమింగు తెర అనవలెను?

మన ఇండ్లలో ఏ శుభకార్యము జరిగినను పురోహితుడు మొదట సంకల్పము చెప్పించును. అందులో కర్త తానున్న చోటును చెప్పుకొను తీరు గమనింపదగినది. మొదట జంబూద్వీపము, అందులో భరతవర్షము, అందులో మేరువునకు దక్షిణ దిగ్భాగము, ఆపైన శ్రీశైలమునకు ఏ దిక్కున ఉన్నదో ఆ ప్రదేశము, ఏ నదుల నడుమ ఉన్నదో ఆ భూమి, చిట్టచివరకు తాను కూర్చున్న గృహము. కాలమును చెప్పుటలోను ఇదే వరుస. కల్పము, మన్వంతరము, యుగము, సంవత్సరము, అయనము, ఋతువు, మాసము, పక్షము, తిథి. తపాలా చిరునామా దీనికి తలక్రిందులు. అది ఇంటి నెంబరుతో మొదలై ఊరిమీదుగా జిల్లాకు పోవును. సంకల్పము చెప్పువాడు మాత్రము ఆకాశమునుండి మెట్టుమెట్టుగా తన పీటమీదికి దిగివచ్చుచున్నట్లుండును.

ఇట్లు దిగివచ్చుటనే నేడు మనము చేతిలోని టెలిఫోను తెరమీద రెండు వ్రేళ్లతో చేయుచున్నాము. భూగోళము కనబడును, వ్రేళ్లు ఎడము చేసినకొలది దేశము, జిల్లా, ఊరు, వీధి, ఇంటి కప్పు కనబడును. ఇట్టి ఏర్పాటునకు శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు జూమింగ్ యూజర్ ఇంటర్‌ఫేస్. యంత్రమునకును దానిని వాడు మనిషికిని నడుమ నిలిచి, ఒకరి మాట రెండవవారికి చేరవేయు ముఖమే ఇంటర్‌ఫేసు. ఈ వ్యాసములో మేము దీనిని జూమింగు తెర అని పిలిచెదము.

ఈ పేరు నేడు చాల ఉదారముగా పంచిపెట్టబడుచున్నది. అక్షరములను పెద్దవిచేసి చూపు ప్రతి తెరయు, గుర్తును తాకగానే అది ఉబ్బి తెరంతయు ఆక్రమించు ప్రతి తమాషాయు దీనిని చెప్పుకొనుచున్నవి. దేనికి ఈ పేరు తగును, దేనికి తగదు అనునది వట్టి మాటల తగవు కాదని మా అభిప్రాయము. దాని వెనుక, మనము వస్తువులను పేరుతో వెదకుదుమా, చోటుతో వెదకుదుమా అను ప్రశ్న ఉన్నది. చోటుతో వెదకునప్పుడు ఏది ముందు కనబడవలెనో, ఏది దాగియుండవలెనో ఎవరు నిర్ణయింతురు అను ప్రశ్నయు ఉన్నది. ఆ రెండవది మన పల్లెలదాక వచ్చు ప్రశ్న.

కథ 1963లో మొదలైనది. అమెరికాలో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో ఐవన్ సదర్లండు అను పరిశోధక విద్యార్థి ఆ సంవత్సరము తన డాక్టరేటు గ్రంథమును సమర్పించెను. దాని పేరు స్కెచ్‌ప్యాడ్. లింకన్ ప్రయోగశాలలోని టీఎక్స్-2 అను కంప్యూటరు తెరమీద కాంతి కలముతో గీతలు గీయుటకు ఆయన చేసిన ఏర్పాటది. రేడియోలో స్టేషను త్రిప్పుకొన్నట్లు మరలు త్రిప్పి బొమ్మను పెంచుకొనవచ్చును, తగ్గించుకొనవచ్చును, ప్రక్కలకు జరుపుకొనవచ్చును. పెంచుటకు గల అవకాశము 2,000 రెట్లు. అనగా పావుమైలు పొడవు, పావుమైలు వెడల్పు గల కాగితమును పరచి, దానిమీద 7 అంగుళముల చదరపు కిటికీ పెట్టుకొని పనిచేసినట్లని ఆయన లెక్క. కాగితము ఒకటే, తెర దానిమీద కదలు కిటికీ. మూలభావము ఇచటనే ఉన్నది. కాని ఆ కాగితముమీద దగ్గరకు పోయినచో అదే గీత పెద్దదగును. అంతకుమించి అది మనకు చెప్పునది స్వల్పము.

ఇంచుమించు ఆ కాలముననే ఈ భావము కంప్యూటరు ఊసు లేకయే మరియొక దారిని నడచుచుండెను. 1957లో కీస్ బూకె అను హాలండు దేశపు విద్యావేత్త, విశ్వమును 40 గంతులలో చూపు చిన్న పుస్తకమును ప్రచురించెను. బడి ముంగిట ఒడిలో పిల్లిని పెట్టుకొని కూర్చున్న ఒక బాలికతో అది ఆరంభమగును. పుట త్రిప్పినప్పుడెల్ల పదిరెట్లు దూరము పోవుదుము. పోయి పోయి నక్షత్రమండలములను దాటి, మరల బాలికవద్దకు వచ్చి, ఈసారి ఆమె చేతిలోనికి పదేసి రెట్లు దిగుదుము. దీని ఆధారముగా ఛార్లెస్, రే ఈమ్స్ దంపతులు 1968లో ముసాయిదాగాను, 1977లో పూర్ణరూపముగాను ఒక చలనచిత్రము తీసిరి. షికాగోలో వనభోజనమునకు వచ్చిన జంటను విడిచి కెమెరా పది సెకండ్లకొకసారి పదిరెట్లు దూరము జరుగును. చూచినవారు మరువరాని చిత్రమది. అయినను చూచువాని చేతిలో పగ్గములు లేవు. ఆగుమన్న ఆగదు, ప్రక్కకు పొమ్మన్న పోదు. కనుక అది జూమింగే గాని, జూమింగు తెర కాదు.

పగ్గములు చూచువాని చేతికి నిజముగా వచ్చిన చోటు, 1970ల ఉత్తరార్ధమున అదే మసాచుసెట్స్ విద్యాసంస్థలో కట్టిన ఒక గది. నికొలస్ నెగ్రోపాంటీ నడపిన బృందములో రిచర్డ్ బోల్ట్, విలియం డొనెల్సన్ మొదలగువారు అమెరికా రక్షణశాఖవారి పరిశోధన ధనముతో దానిని నిర్మించిరి. గది నడుమ ఒక వాలుకుర్చీ. అది పైన చెప్పిన ఈమ్స్ దంపతులు రూపొందించిన కుర్చీయే అగుట ముచ్చటయైన కాకతాళీయము. ఎదుట గోడంత తెర. కుర్చీ చేతులలో చిన్న మీటలు. ప్రక్కలయందు చిన్న టెలివిజను తెరలు. గదిలో పలువైపులనుండి ధ్వని వినవచ్చు ఏర్పాటు. ఆ గదిలోని సమాచారమంతయు ఒకే విశాలమైన మైదానముమీద పరచియుండెను. దానికి వారు డేటాల్యాండ్ అని పేరిడిరి, సమాచారసీమ అనుకొందము. పటములు ఒకవైపు, ఛాయాచిత్రములు ఒకవైపు, పుస్తకములు, లెక్కల యంత్రము, టెలిఫోను మరియొకవైపు. మీటను ఒరగించినచో మైదానముమీద ఎగిరిపోవుదుము. మరియొక మీటతో క్రిందికి దిగుదుము. ప్రక్కనున్న చిన్న తెరలో మైదానమంతయు ఎల్లప్పుడు కనబడుచుండును; అందులో మనమున్న చోటు గుర్తింపబడి యుండును.

ఇచట గమనింపవలసినది ఒకటున్నది. దూరమునుండి పుస్తకము ఒక బొమ్మ. దగ్గరకు పోయినచో దాని పుటలు త్రిప్పవచ్చును. దూరమునుండి లెక్కల యంత్రము ఒక బొమ్మ. దగ్గరకు పోయినచో దానిని వ్రేలితో తాకి కూడికలు చేయవచ్చును. బొమ్మ పెద్దదగుట కాదు, బొమ్మ పనిముట్టగుట. ఆ గదిలో ఏ వస్తువునకును పేరు వ్రాసి పిలువవలసిన పనిలేదు. అది ఎచట ఉన్నదో తెలిసిన చాలును.

ఈ పద్ధతికి ఆధారముగా బోల్ట్ ప్రాచీన గ్రీకు కవి సైమనిడీసు కథను చెప్పెను. థెస్సలీలో ఒక ప్రభువు ఇంట విందు జరుగుచుండగా ఎవరో పిలిచిరని కవి వెలుపలికి వచ్చెను. అంతలో కప్పు కూలి లోపలివారందరు మరణించిరి. శవములు గుర్తుపట్టరాకుండెను. ఎవరు ఏ చోట కూర్చుండిరో జ్ఞాపకము తెచ్చుకొని కవి ఒక్కొక్కరిని గుర్తించి చెప్పెనట. పేరును జ్ఞాపకముంచుకొనుటకు చోటు సాయపడునని అప్పటినుండి పాశ్చాత్యులలో ఒక విద్యయే వెలసినది. మన గృహిణులకు ఈ విద్య ఎవరును నేర్పనక్కరలేదు. చీకటిలో కూడ ఇంగువ డబ్బా ఏ అరలో, ఏ మూల, దేని వెనుక ఉన్నదో వారి చేతికి తెలియును. దానిమీద చీటీ అతికించి అక్షరక్రమములో పేర్చినచో వారికి వెదకుకొనుట కష్టమే అగును.

ఇంత మంచి ఊహ వెంటనే వ్యాపింపలేదు. 1981లో జిరాక్సు కంపెనీవారి స్టార్ యంత్రము, 1984లో ఆపిల్ కంపెనీవారి మాకింటాష్ వచ్చినవి. వారు తెరను మైదానముగా కాక, వ్రాతబల్లగా భావించిరి. బల్లమీద కాగితములు ఒకదానిపై ఒకటి పడియుండును. కాగితములు అట్టలలో, అట్టలు పెద్ద అట్టలలో ఉండును. ఆనాటి యంత్రముల శక్తికి అదియే తగినది. మైదానముమీద ఎగురుటకు క్షణక్షణము బొమ్మ అంతయు తిరిగి గీయవలెను. ఒక గది నిండ యంత్రములున్న పరిశోధకులకు సాధ్యమైనది ఇంటి బల్లమీదికి రాలేదు.

1993లో న్యూయార్కు విశ్వవిద్యాలయమునకు చెందిన కెన్ పెర్లిన్, డేవిడ్ ఫాక్స్ అనువారు ప్యాడ్ అను ఏర్పాటును వివరించి ఒక పత్రము ప్రకటించిరి. తెర ఎప్పుడును చిన్నదే; కాగితములపై కాగితములు కప్పుచు పోయినచో అడుగునున్నవి కనబడవు. అందుచేత హద్దులేని ఒకే తలమును ఊహించి, ప్రతి వస్తువునకు దానిమీద ఒక చోటును, ఒక పరిమాణమును ఇయ్యవలెనని వారి వాదము. అట్లయిన ఒక అక్షరము చివరనున్న చుక్కలో ఒక గ్రంథాలయమును ఇముడ్పవచ్చును. వారు మరి రెండు భావములను తెచ్చిరి. ఒకటి గవాక్షము. తలముమీద ఒకచోట కిటికీ తెరచి, దానిగుండ అదే తలముమీది దూరపుచోటును చూచుట. రెండవది అర్థము ననుసరించు జూమింగు.

దూరపు కొండలు నునుపు అన్నది మన సామెత. సామెత చెప్పినవారు మోసపోవలదని హెచ్చరించిరి గాని, పెర్లిన్, ఫాక్సులు ఆ నునుపునే పనిలో పెట్టిరని చెప్పవచ్చును. దూరమునుండి అన్ని రాళ్లను, అన్ని పొదలను చూపినచో కొండయే కనబడదు, మసక మాత్రమే కనబడును. కాబట్టి దూరమునుండి కొండ ఆకారమును, కొంత దగ్గర గుడియు దారియు, మరింత దగ్గర మెట్లును చూపవలెను. ఒక క్యాలెండరును తీసికొందము. దూరమునుండి సంవత్సరము పేరు చాలును. దగ్గరకు వచ్చినకొలది నెలలు, తరువాత తిథులు, ఇంకను వచ్చినచో ఆనాడు వ్రాసికొన్న కార్యములు. సంవత్సరమును భూతద్దముతో చూచినచో పెద్ద అంకె కనబడునే గాని నెలలు పుట్టవు. భూతద్దమునకు, జూమింగు తెరకు గల భేదము ఇదియే.

1994లో బెన్ బెడర్సన్, జేమ్స్ హాలన్ అనువారు దీనిని పెంపొందించి ప్యాడ్ ప్లస్ ప్లస్ చేసిరి. ఆపైన పరిశోధనలు వరుసగా వచ్చినవి. వానిలో మాకు మిక్కిలి నచ్చినవి రెండు.

మొదటిది 1995లో జార్జి ఫర్నాస్, బెడర్సన్ వ్రాసినది. స్థలమును, పరిమాణమును కలిపి ఒకే చిత్రముగా గీచి, ఒక చోటునుండి మరియొక చోటునకు దగ్గరి దారి ఏదని వారు పరిశీలించిరి. శ్రీకాకుళములో ఒక వీధిని చూచుచున్న మనిషి అనంతపురములో ఒక వీధికి పోవలెననుకొందము. నడుమ దూరము 700 కిలోమీటర్లకు పైమాట. తెరలో అర కిలోమీటరు మాత్రమే కనబడుచున్నదనుకొన్నచో, ప్రక్కకు జరుపుకొనుచు పోవుటకు 1,400 తెరలకు మించి దాటవలెను. అట్లుగాక పైకి లేచినచో ఏమగును? ఒక్కొక్క మెట్టునకు రెట్టింపు భూమి కనబడునట్లు 11 మెట్లు ఎక్కగానే వేయి కిలోమీటర్లు తెరలో ఇమిడిపోవును. అనంతపురముమీదికి కొంచెము జరిగి మరల 11 మెట్లు దిగిన చాలును. పైకి పోవుటయే దగ్గరి దారి. పరిమాణము కూడ చిరునామాలో ఒక భాగమని, ఎత్తు కూడ ఒక దిక్కని దీనివలన స్పష్టమగుచున్నది.

రెండవది 1998లో సుసాన్ యూల్, ఫర్నాస్ ప్రకటించినది. మైదానము విశాలమైనకొలది మనిషి దారితప్పును. రెండు వస్తువుల నడుమ ఖాళీలోనికి మిక్కిలి దగ్గరగా దిగినచో తెరమీద ఏమియు ఉండదు. ఎటు జరిగినను ఏమియు ఉండదు. దీనికి వారు ఎడారి పొగమంచు అని పేరు పెట్టిరి. ఎడారిలో గుర్తులు లేవు, పొగమంచులో చూపు లేదు. రెండును కలిసినచో ఏమగునో ఊహించుకొనవచ్చును. మందు, ఏ వైపున ఏదైన ఉన్నదో తెలుపు చిన్న జాడను ఎల్లప్పుడు మిగిల్చియుంచుట. సమాచారసీమ కట్టినవారు కుర్చీప్రక్కన మొత్తము మైదానము కనబడు చిన్న తెరను ఎందుకు పెట్టిరో ఇప్పుడు తెలియును. ఈ చిన్నపటము విషయమున 2002లో ప్రకటింపబడిన ఒక పరీక్ష వింత ఫలితమిచ్చెను. 32 మందికి పటములు చూపి చోట్లు వెదకించిరి. ఎక్కువమంది చిన్నపటమున్న తెరనే మెచ్చుకొనిరి. కాని ఒక పటముపై చిన్నపటము లేనివారే వేగముగా పని ముగించిరి. మనిషికి ధైర్యమునిచ్చునది వేరు, వేగమునిచ్చునది వేరు.

ఇక మా ప్రశ్నకు వచ్చెదము. ఇంతవరకు చెప్పినదానినిబట్టి, జూమింగు తెర అనిపించుకొనుటకు వస్తువులన్నియు ఒకే తలముమీద ఉండవలెను; వాని చోటును పరిమాణమును స్థిరముగా ఉండవలెను; దగ్గరకు పోవుట, దూరము వచ్చుట చూచువాని చేతిలో ఉండవలెను; ఆ పోవుటయే వెదకుటకు ముఖ్యమైన సాధనము కావలెను. దగ్గరకు పోయినకొలది క్రొత్తది తెలియవలెనా? తప్పనిసరి కాదనువారున్నారు. వారి మాట అంగీకరించినచో స్కెచ్‌ప్యాడుకు ఈ పేరు దక్కును. మేము అంతదూరము పోజాలము. ఏమియు తెలియనిచో దగ్గరకు పోవుటెందుకు?

కదలిక అవిచ్ఛిన్నముగా ఉండవలెనా, గంతులుగా ఉండినను చాలునా అనునది మరియొక చిక్కు. 1999లో బెడర్సన్, బోల్ట్‌మన్ అనువారు ఒక వంశవృక్షమును తెరమీద పెట్టి పరీక్షించిరి. ఒక బొమ్మనుండి మరియొక బొమ్మకు తటాలున గంతువేయుటకంటె కదలుచు పోయినప్పుడు, చూచినవారు వృక్షమును జ్ఞాపకమునుండి తిరిగి కూర్చుటలో మెరుగుగా ఉండిరి. అందుకై కాలము ఎక్కువ పట్టలేదు. కాబట్టి అవిచ్ఛిన్నత అలంకారము కాదు, మనస్సులో దారి గీయు గీత అది. ఈ దృష్టితో చూచినచో సంకల్పము గంతుల జాతిలోనిది. పైగా అందులో దిగుటయే గాని ఎక్కుట లేదు.

వ్రాతపని యంత్రములో అక్షరములను నూటయాబది శాతము చేసి చూచుట జూమింగు తెర కాదు, అది కండ్లజోడు. కండ్లజోడు అవసరము లేదనుట లేదు. గుర్తు తాకగానే ఉబ్బివచ్చు తమాషా కూడ కాదు. అది తలుపు తీసినప్పటి కిఱ్ఱుచప్పుడు వంటిది. కాని మన పాత రేడియోలలో నుండిన ఒక ఏర్పాటుకు మేము ఈ వంశములో పీట వేయగలము. వాల్వు సెట్ల కాలములో షార్టు వేవు సూచికమీద స్టేషనులు కిక్కిరిసి యుండెడివి. వెంట్రుకవాసి త్రిప్పినచో ఒక దేశము దాటిపోయెడిది. కొన్ని సెట్లలో ఒక చిన్న ముక్కను సూచిక పొడవునా పరచి చూపు బాండ్ స్ప్రెడ్ అను ఏర్పాటుండెడిది. అది పెట్టగానే అంతవరకు ఒక ముద్దగానున్న చోట మూడు నాలుగు స్టేషనులు విడివడి వినబడెడివి. చోటే చిరునామా, దగ్గరకు పోయినచో క్రొత్తది తెలిసినది. కండ్లజోడుకంటె ఇది దగ్గరి చుట్టము.

కంప్యూటరు అంతయు ఇట్టి మైదానమే కావలెనని గట్టిగా వాదించినవాడు జెఫ్ రాస్కిన్. 1979లో మాకింటాష్ పనికి శ్రీకారము చుట్టినది ఆయనయే. 2000లో వెలువరించిన గ్రంథములో ఆయన, అట్టలలో అట్టలు పెట్టు పద్ధతి మనిషిని చిన్న గదుల చిక్కుదారిలో పడవేయుచున్నదని విమర్శించి, జూమ్‌వరల్డు అను హద్దులేని తలమును ప్రతిపాదించెను. 2005లో ఆయన మరణించునాటికి ఆ కల నెరవేరలేదు. మా దృష్టిలో కారణమిది. ఊరికి చోటున్నది, కొండకు చోటున్నది. కరెంటు బిల్లునకు, పెండ్లి శుభలేఖకు పుట్టుకతో చోటు లేదు. దానిని మనమే ఇయ్యవలెను, ఇచ్చినది జ్ఞాపకముంచుకొనవలెను. వంటింటి అరలో ఏబది డబ్బాలకు ఇది సాధ్యము. ఏబదివేల ఉత్తరములకు కాదు. పైగా ఈ లోపల, పేరు వ్రాయగానే వెదకి తెచ్చు యంత్రములు చౌకయైనవి. పేరు గెలిచినది.

చోటు పుట్టుకతో ఉన్నచోట మాత్రము చోటే గెలిచినది. 1994లో బెర్లినులో ఆర్ట్+కామ్ అను సంస్థవారు భూగోళముమీదికి దిగు తెరను చేసి చూపిరి. 2005 ఫిబ్రవరిలో గూగుల్ పటములు, జూనులో గూగుల్ ఎర్త్ వచ్చినవి. 2007లో ఐఫోను వచ్చి, మర త్రిప్పుటకు బదులు రెండు వ్రేళ్లు చాలుననెను. ఇంత పెద్ద పటము సన్నని తీగలగుండ ఎట్లు వచ్చుచున్నదను సందేహము రావచ్చును. ఉపాయము సులభము. మొదటి మెట్టున ప్రపంచమంతయు ఒకే చదరపు ముక్క. తరువాతి మెట్టున నాలుగు. ప్రతి మెట్టునకు నాలుగింతలు. పది మెట్లు దిగగా 10,48,576 ముక్కలు. ఎన్ని ముక్కలున్నను మన తెరకు కావలసినవి పదో ఇరువదియో మాత్రమే, అవియే వచ్చును. పైమెట్ల పటములన్నియు కలిపినను అడుగు మెట్టు పటములో మూడవవంతు స్థలమే పట్టును.

ఈ ఉపాయము కాగితముమీద మనకు పాతదే. సర్వే ఆఫ్ ఇండియావారు చాలకాలము వాడిన పటముల సంఖ్యలను చూడుడు. నాలుగు డిగ్రీల చదరమునకు ఒక అంకె. దానిని పదునారు చేసి ఎ మొదలు పి వరకు అక్షరములు. ఒక్కొక్కదానిని మరల పదునారు చేసి అంకెలు. 56 అనినచో దక్కను పీఠభూమిలో పెద్ద భాగము. 56 కె అనినచో హైదరాబాదు పరిసరములు. 56 కె బై 7 అనినచో చార్మినారున్న ముక్క. దిగినకొలది అంగుళమునకు పట్టు భూమి తగ్గును, కనబడు వస్తువులు పెరుగును. కాగితములు మార్చుట మనిషి చేయవలసియుండెను, అంతే భేదము.

2009 ఆగస్టులో భారత అంతరిక్ష పరిశోధన సంస్థవారు భువన్ అను పటముల తెరను ప్రజలకు తెరచిరి. దానిని రూపొందించినది హైదరాబాదులోని జాతీయ సుదూర సంవేదన కేంద్రము. మన ఉపగ్రహములు తీసిన చిత్రములమీద మనవారే దిగిచూచు వీలు కలిగినది. ఇట్టి తెర చేతికందగానే ఎవరైనను మొదట వెదకునది తన ఊరు. ఇచటనే మేము మొదట చెప్పిన రెండవ ప్రశ్న ఎదురగును.

దూరమునుండి అన్ని పేర్లు చూపరాదు, చూపినచో మసక. కావున ఏ ఎత్తున ఏ పేరు కనబడవలెనో ముందుగానే ఎవరో నిర్ణయించి యుందురు. రాష్ట్రమంత ఎత్తున నగరములు. కొంత దిగినచో జిల్లా కేంద్రములు. మరి దిగినచో మండలములు, గ్రామములు. గ్రామమునకు చేరిన శివారు పల్లెయు, కొండమీది గూడెమును, తండాయు చివరి మెట్టువరకు దిగినగాని కనబడవు. ఒక్కొక్కప్పుడు అప్పటికిని కనబడవు. ఇండ్ల కప్పులు ఉపగ్రహచిత్రములో స్పష్టముగా ఉండును, వానిమీద పేరుండదు. పాత కాగితపు పటములయందును ఇట్లే జరిగెడిది. అయితే కాగితము తన హద్దును దాచలేదు. ఇంతకంటె చిన్న ఊళ్లకు దీనిలో తావు లేదని దాని పరిమాణమే చెప్పెడిది. జూమింగు తెర ఎంత దగ్గరకైన రావచ్చునని ఆశ చూపును. వచ్చినపిమ్మట పేరు లేకున్నచో, ఊరు లేదను భావము చూచువాని మనస్సులో నాటుకొనును. వరదనాడు పడవ పంపువాడు, బడి ఎచట పెట్టవలెనో చూచువాడు ఇట్టి తెరమీదనే చూచునప్పుడు, అర్థము ననుసరించు జూమింగు అన్న పండితుల మాట ఒక గూడెమునకు అన్నము నీళ్ల మాట అగుచున్నది.

కాలమునకును చోటువలె పుట్టుకతో వరుస ఉన్నది గనుక, దానిమీదను జూమింగు తెరను కట్టిరి. కాలిఫోర్నియాలో బర్కిలీ విశ్వవిద్యాలయమున భూగర్భశాస్త్రజ్ఞుడగు వాల్టర్ అల్వారెజ్ ప్రోత్సాహముతో క్రోనోజూమ్ అను కాలపటము మైక్రోసాఫ్ట్ పరిశోధకుల తోడ్పాటుతో 2012లో వెలువడినది. 1,380 కోట్ల సంవత్సరములు ఒకే గీత. దిగుచు పోయినచో భూమి పుట్టుక, జీవుల పుట్టుక, చిట్టచివరకు మనుష్యుల చరిత్ర. ఆ గీతమీద మన చరిత్రయంతయు వెంట్రుకకంటె సన్నము. కల్పమునుండి తిథివరకు దిగు మనవారికి ఆ దారి క్రొత్తది కాదు. టెలిఫోనులోని ఛాయాచిత్రములు సంవత్సరములు, నెలలు, దినములుగా విప్పుకొనుచున్నవన్నను ఇదే కారణము; ఛాయాచిత్రమునకు తీసిన దినము పుట్టుమచ్చ వంటిది.

2009లో హంగరీ దేశపు రాజధాని బుడాపెస్టునుండి వచ్చిన ప్రెజీ సంగతి సందిగ్ధము. ఉపన్యాసకుడు తన విషయమంతయు ఒకే తలముమీద పరచి, సభవారిని ఒక చోటునుండి మరియొక చోటునకు ఎగిరించుకొని పోవును. తయారుచేయు ఉపన్యాసకునికి అది జూమింగు తెరయే. కుర్చీలలోనున్న సభవారికి ఈమ్స్ దంపతుల చలనచిత్రమే. కొందరికి తలయు తిరిగినది. ఒకే వస్తువు ఒకరికి ఈ పేరునకు తగినదై, మరియొకరికి తగనిదగుటకు ఇంతకంటె మంచి ఉదాహరణము మాకు దొరకలేదు.

ఇటీవలి సంవత్సరములలో, ముఖ్యముగా 2020లో మహమ్మారి వలన ఉద్యోగులు ఇండ్లనుండి పనిచేసిన కాలములో, మీరో, ఫిగ్మా వంటి హద్దులేని పలకలు కార్యాలయములలో వ్యాపించినవి. ఎన్నో ఊళ్లనుండి ఎందరో ఒకే తలముమీద చీటీలు అంటించి, గీతలు గీయుదురు. చోటును తామే ఇచ్చుకొందురు. పని నడచినన్నాళ్లు అది అందరికి జ్ఞాపకముండును. రాస్కిన్ ఊహించిన మైదానమునకు ఇవి దగ్గరివి. వీనిలోను ఎడారి పొగమంచు తప్పలేదు. అందుకే అన్నిటిని ఒక్కసారిగా తెరలో ఇముడ్చు మీట ఒకటి వీనిలో ఉంచిరి. దారితప్పినవాడు దానిని నొక్కి ఆకాశమునకు లేచును. వాడువారు తమంతట తాము మరియొక ఉపాయము పన్నుకొనిరి. ఒక్కొక్క గుంపు చీటీలపైన, ఎంత ఎత్తునుండి చూచినను చదువవీలగునట్లు, ఏనుగంత అక్షరములతో దాని పేరు వ్రాసిపెట్టుచున్నారు.